కట్టుబడి ఉన్నాం అంటే ఎంతకి, ఎప్పటికి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఇదే పేజీల్లో గ్రీన్‌వాషింగ్ గురించి రాశాను. పర్యావరణానికి చేసింది గోరంత, చెప్పుకునేది కొండంత, అలాంటి కంపెనీల మాటల్ని కంప్యూటర్ చేత చదివించి ఎక్కడ పస ఉంది, ఎక్కడ పైపూత ఉంది అని వెతికే పద్ధతుల గురించి. నా ఉద్యోగం కూడా అదే, పొద్దున లేస్తే కంపెనీ రిపోర్టులు, వాటిని చదివే కంప్యూటర్ ప్రోగ్రాములు, వాటినే మేం మోడల్సు అంటాం. ఉత్తరాలు చాలానే వచ్చాయి. ఒకే సంగతి నలుగురైదుగురు అడిగినవి కలిపేసి ఇక్కడ ఏడు ప్రశ్నలు తీసుకున్నాను.

ప్రశ్న: మేం గిన్నెలు తోమడానికి వాడే లిక్విడ్ బాటిల్ మీద ఆకు బొమ్మ వేసి "ఎకో ఫ్రెండ్లీ" అని ఉంటుంది. పక్క కంపెనీది కన్నా నలభై రూపాయలు ఎక్కువ. ఇది నిజమో కాదో మీ కంప్యూటర్ చెప్పేస్తుందా?
— ఒక గృహిణి, విజయవాడ

అమ్మా, ఆ ఒక్క మాట చదివి కంప్యూటర్ చెప్పలేదు, నేనూ చెప్పలేను, కానీ మీకొచ్చిన అనుమానం మాత్రం సరైందే. ఎకో ఫ్రెండ్లీ అన్నారు కదా, ఏది ఎకో ఫ్రెండ్లీ? లోపలున్న ద్రవమా, బాటిలా, మూతా, తయారుచేసిన ఫ్యాక్టరీయా? ఇదేదీ చెప్పకుండా ఆకు బొమ్మ ఒకటి వేసి వదిలేశారంటే మిగతాది మనమే ఊహించుకోవాలని. అసలు గ్రీన్‌వాషింగ్ అన్న మాట పుట్టింది కూడా ఇలాంటి చిన్న సంగతి దగ్గరే. హోటల్ గదుల్లో "పర్యావరణం కోసం తువ్వాళ్లు మళ్లీ వాడండి" అని కార్డులు పెడతారు చూడండి, వాటి గురించి 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ రాస్తూ, ఉతికే ఖర్చు మిగుల్చుకుంటూ దానికి పర్యావరణం పేరు పెట్టారని ఈ మాట వాడాడు.

మీకు పనికొచ్చే సంగతి ఏంటంటే, 2024 అక్టోబర్ 15న మన కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ దీని మీదే గైడ్‌లైన్స్ తెచ్చింది. గ్రీన్, ఎకో ఫ్రెండ్లీ, నేచురల్, సస్టైనబుల్ లాంటి మాటలు ఊరికే వాడటానికి లేదు, దేని గురించి అంటున్నారో వివరంగా చెప్పాలి, రుజువు ఉండాలి, ఆ వివరం ప్రకటనలోనో క్యూఆర్ కోడ్ ద్వారానో లింకు ద్వారానో మనకి దొరకాలి. ఈసారి బాటిల్ తిప్పి చూడండి, కోడ్ ఉంటే స్కాన్ చేయండి, ఏమీ లేకపోతే 1915కి ఫోన్ చేసి చెప్పండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. మీ ఒక్కరి ఇంట్లోనే జరుగుతున్నది కాదులెండి, యూరోపియన్ కమిషన్ 2020లో ఇలాంటి పర్యావరణ క్లెయిములు తీసుకుని పరిశీలిస్తే అందులో 53 శాతం అస్పష్టంగానో, తప్పుదారి పట్టించేలానో, ఆధారం లేకుండానో ఉన్నాయని తేలింది.

ప్రశ్న: నేను బీటెక్ ఫైనల్ ఇయర్. ప్రాజెక్టు కోసం యాభై కంపెనీల రిపోర్టుల్లో గ్రీన్, సస్టైనబుల్, నెట్ జీరో లాంటి పదాలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి, ఎక్కువ వచ్చినవాళ్లు గ్రీన్‌వాషింగ్ చేస్తున్నారని రాశాను. మా గైడ్ ఒప్పుకోలేదు. ఇందులో తప్పేంటి అన్నా?
— ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

తమ్ముడూ, మీ గైడ్ చెప్పిందే కరెక్టు. నిజంగా పని చేసిన కంపెనీ కూడా ఆ పదాలే వాడుతుంది కదా, వేరే పదాలు ఎక్కడినుంచి తెస్తుంది? లెక్కపెట్టాల్సింది పదాలు కాదు, ఒక్కో వాక్యం ఏ రకం వాక్యమో చూడాలి. ఇప్పుడు నేను సొంతంగా అల్లిన రెండు వాక్యాలు చూడు.

ఒకటి: "పర్యావరణ పరిరక్షణకు మా సంస్థ సంపూర్ణంగా కట్టుబడి ఉంది, పచ్చని రేపటి వైపు దృఢంగా అడుగులు వేస్తున్నాం."

రెండు: "2019-20తో పోలిస్తే 2029-30 నాటికి మా మూడు బాయిలర్లలో బొగ్గు వాడకం 40 శాతం తగ్గిస్తాం, మొన్న మార్చికి 11 శాతం తగ్గింది."

రెండూ మాట ఇస్తున్న వాక్యాలే. మొదటిది వచ్చే ఏడాది తీసి అడిగినా, పదేళ్ల తర్వాత అడిగినా అబద్ధమైందని ఎవరూ అనలేరు, ఎందుకంటే అందులో పట్టుకోడానికి ఏమీ లేదు. రెండోదాంట్లో ఎక్కడ, ఎంత, ఎప్పటికి, దేనితో పోల్చి, ఇప్పటిదాకా ఎంత అన్నీ ఉన్నాయి, అంటే వాళ్లు తమ జుట్టు మన చేతికి ఇచ్చారన్నమాట. నీ లెక్కలో మొదటి వాక్యంలో "పర్యావరణం", "పచ్చని" దొరుకుతాయి, రెండోదాంట్లో ఒక్క పచ్చపదం కూడా దొరకదు. మరి ఆ లెక్క దేనికి పనికొస్తుంది చెప్పు.

ఇదే తేడాని మోడల్‌కి నేర్పించొచ్చు. జ్యూరిక్ యూనివర్సిటీలో ఉండే మార్కస్ లీపోల్డ్, ఆయనతో పనిచేసిన బింగ్లర్, క్రౌస్, వెబర్‌సింకే అనే పరిశోధకులు 2021లో క్లైమేట్‌బెర్ట్ అని ఒక మోడల్ బయటపెట్టారు. గూగుల్ వాళ్లు 2018లో తెచ్చిన బెర్ట్ అనే భాష చదివే మోడల్ ఉంది కదా, ఆ కుటుంబంలోదే. ఈ మోడల్స్ చదువుకునే పద్ధతి మనం చిన్నప్పుడు పరీక్షల్లో రాసిన "ఖాళీలను పూరింపుము" లాంటిదే, వాక్యంలో ఒక పదం దాచేసి అదేంటో కనుక్కోమంటారు, తప్పు చెబితే సరిదిద్దుతారు, లక్షలసార్లు అలా చేయిస్తే ఏ పదం పక్కన ఏ పదం ఎందుకొస్తుందో దానికి వంటబడుతుంది. వీళ్లు మామూలు ఇంగ్లిష్ మీద అయిపోయిన చదువు పైన మళ్లీ వాతావరణం గురించిన వార్తలు, పరిశోధన వ్యాసాలు, కంపెనీ రిపోర్టుల నుంచి తీసిన లక్షల పేరాలు చదివించారు. ఆ తర్వాత మనుషులు కూర్చుని వెయ్యి పైచిలుకు పేరాలకి చేత్తో గుర్తులు పెట్టారు, ఇది వాతావరణం గురించేనా కాదా, ఇందులో మాటివ్వడం లేదా చేసిన పని ఉందా లేదా, ఉంటే నిర్దిష్టంగా ఉందా గాల్లో ఉందా అని. ఆ గుర్తులు చూసి మోడల్ మిగతా పేరాలకి తనే గుర్తులు పెడుతుంది. చివర్లో లెక్క చాలా సింపుల్, మాటిచ్చిన పేరాలు మొత్తం ఎన్ని, అందులో నిర్దిష్టత లేనివి ఎన్ని, ఈ నిష్పత్తికే వాళ్లు చీప్ టాక్ అని పేరు పెట్టారు, మన భాషలో ఉత్తుత్తి మాటల శాతం అనుకో.

ఆ మోడల్ ఫ్రీగా దొరుకుతుంది, నీ లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, నీ దగ్గరున్న యాభై రిపోర్టులూ పారేయకు, వాటి మీదే ఇది పెట్టు. కానీ పేరాలు ముక్కలు చేసేటప్పుడు జాగ్రత్త, ఈ రకం మోడల్స్ ఒక్కసారికి 512 టోకెన్లకి (అంటే పదాలు, పదాల ముక్కలకి) మించి చదవలేవు, పైగా పీడీఎఫ్‌లో రెండు కాలమ్స్ ఉంటే ఎడమ కాలమ్ లైను పక్కన కుడి కాలమ్ లైను అతుక్కుపోయి వస్తుంది, అప్పుడు ఎంత గొప్ప మోడల్ అయినా చెత్తే చెబుతుంది. నా పని టైములో సగం దీనికే పోతుంది. ఇంకో మాట, రిపోర్టులో "గ్రీన్‌వాషింగ్ చేస్తున్నారు" అని రాయొద్దు, "ఉత్తుత్తి మాటల శాతం ఇంత" అని రాయి. కోర్టో రెగ్యులేటరో ఇది గ్రీన్‌వాషింగే అని తేల్చి చెప్పిన కేసులు మోడల్‌కి నేర్పేటంత లేవు, నేర్పని దాన్ని మోడల్ కనిపెట్టిందని మనం ఎలా అంటాం.

ప్రశ్న: ఇవన్నీ పరిశోధన పత్రాలకే పరిమితమా, నిజంగా ఈ పద్ధతిలో ఎవరైనా దొరికారా?
— ఒక విశ్రాంత అధ్యాపకులు, వరంగల్

దొరికారు మాస్టారూ, పెద్దవాళ్లే దొరికారు. బ్రిటన్‌లో ప్రకటనలని చూసుకునే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ అథారిటీ అని ఉంది. అంతకుముందు ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తే కేసు మొదలయ్యేది, ఇప్పుడు వాళ్లు ఏఐతో ఇంటర్నెట్ ప్రకటనల్ని తామే వెతుకుతున్నారు, 2024లో అలా 2 కోట్ల 80 లక్షల ప్రకటనలు మిషన్ చేత చదివించారు. 2023 డిసెంబర్‌లో ఎయిర్ ఫ్రాన్స్, లుఫ్తాన్సా, ఎతిహాద్ మూడు ఎయిర్‌లైన్స్ గూగుల్ ప్రకటనల్ని నిషేధించారు, ఆ మూడూ ఈ వెతుకులాటలో బయటపడ్డవే. గూగుల్‌లో పైన కనిపించే రెండు మూడు లైన్ల ప్రకటనలు అవి, లుఫ్తాన్సాది "మరింత సస్టైనబుల్‌గా ప్రయాణించండి" అన్న అర్థంలో ఉంది. వాళ్లు ఇచ్చిన వివరణ, అది మా గ్రీన్ ఫేర్స్ టికెట్ల గురించి అని. చదివేవాడికి ఆ సంగతి ప్రకటనలో ఎక్కడా కనపడదు కదా అని అథారిటీ ఒప్పుకోలేదు.

ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మిషన్ తీర్పు ఇవ్వలేదు, కోట్ల గడ్డివామిలోంచి అనుమానంగా ఉన్న సూదుల్ని ఏరి టేబుల్ మీద పెట్టింది, ఆ తర్వాత మనుషులు కంపెనీకి ఉత్తరం రాసి, జవాబు తీసుకుని, చదివి, కారణాలు రాసి నిర్ణయం చెప్పారు. ఈ పని ఇలాగే జరగాలని నా గట్టి అభిప్రాయం.

క్లైమేట్‌బెర్ట్ వాళ్లు కూడా ఊరుకోలేదు. వాతావరణ రిస్కుల్ని ఎలా బయటపెట్టాలో చెప్పే టీసీఎఫ్‌డీ అనే అంతర్జాతీయ పద్ధతికి మద్దతిస్తున్నాం అని సంతకం పెట్టిన 800 పైగా కంపెనీల రిపోర్టులు చదివించారు. తేలిందేంటంటే సంతకం ఎక్కువగా మాటలకే పరిమితం, చెప్పడానికి ఇబ్బంది లేని విషయాలు ఏరుకుని చెప్పి, అసలు కీలకమైనవి వదిలేస్తున్నారు. తర్వాత చేసిన ఇంకో అధ్యయనంలో ఉత్తుత్తి మాటలు ఎక్కువున్న కంపెనీల్లో ఉద్గారాల పెరుగుదల కూడా ఎక్కువగా కనిపించింది. మాటల వల్ల పొగ పెరిగిందని కాదు, రెండూ కలిసి కనిపించాయి, అంతే.

ప్రశ్న: నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని, కొద్దిగా షేర్లలో పెడుతుంటాను. సెబీ అడిగే బీఆర్ఎస్ఆర్ రిపోర్టులో అంకెలన్నీ ఉంటున్నాయి కదా, ఇక వాక్యాలు చదివే మోడల్ దేనికి? పైగా అంకెల్లోనే అబద్ధం ఉంటే మీ మోడల్ ఏం చేస్తుంది?
— ఒక పాఠకులు, హైదరాబాద్

మంచి ప్రశ్న అడిగారండి, నిజానికి ఇది రెండు ప్రశ్నలు. మిగతా పాఠకుల కోసం ఒక్క ముక్క, 2022-23 నుంచి మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ అడిగే బీఆర్ఎస్ఆర్ అనే రిపోర్టు, అంటే వ్యాపార బాధ్యత, సస్టైనబిలిటీ రిపోర్టు ఇవ్వాల్సిందే, అందులో పర్యావరణం గురించిన ఆరో సూత్రం కింద కరెంటు, నీళ్లు, పొగ, చెత్త లెక్కలు ఈ ఏడాదివి పోయినేడాదివి పక్కపక్కన వేయాలి. మోడల్ చదవడానికి ఇది బంగారం, ఎందుకంటే అదే కంపెనీ ముందు పేజీల్లో ఛైర్మన్ గారి సందేశంలో ఏం చెప్పిందో, వెనక పట్టికలో ఏం వేసిందో రెండూ ఎదురెదురుగా పెట్టొచ్చు.

ఒక లెక్క చూపిస్తా. ఇది నేను వేసిన ఉదాహరణ, అంకెలు నావి. ఒక ఫ్యాక్టరీ పోయినేడు లక్ష టన్నుల సరుకు చేసింది, టన్నుకి 2 టన్నుల కార్బన్, మొత్తం 2 లక్షలు. ఈ ఏడు 1 లక్షా 40 వేల టన్నులు చేసింది, టన్నుకి 1.6, మొత్తం 2 లక్షల 24 వేలు. సందేశంలో "మా కార్బన్ తీవ్రత 20 శాతం తగ్గించాం" అని వస్తుంది, అది అక్షరాలా నిజం. ఆకాశంలోకి వెళ్లిన పొగ 12 శాతం పెరిగింది, అదీ నిజమే. "తగ్గించాం" అన్న వాక్యాన్ని పట్టుకుని, అది టన్నుకి లెక్కా మొత్తం లెక్కా అని గుర్తుపట్టి, పట్టికలో మొత్తం ఉన్న గడి దగ్గరికి తీసుకెళ్లి చూపించడం, మోడల్ చేత నేను రోజూ చేయించే పని ఇదే, వాక్యాలు చదివే మోడల్ దేనికి అన్నారు కదా, దీనికి.

ఇక అంకెలోనే అబద్ధం ఉంటే మోడల్ చేతులెత్తేస్తుంది, ఇందులో దాచడానికేం లేదు. ఫోక్స్‌వ్యాగన్ సంగతే తీసుకోండి, క్లీన్ డీజిల్ అని అమ్మారు, ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల కార్లలో టెస్టు జరుగుతున్నట్టు పసిగట్టి అప్పటికప్పుడు పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్ పెట్టారు. వాళ్ల బ్రోషర్లు ఎన్ని వేలసార్లు చదివినా ఏ మోడలూ పట్టుకునేది కాదు. ఎలా దొరికారు? వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు కొలిచే పరికరం కార్లోనే పెట్టుకుని రోడ్డు మీద తిప్పారు, దాంతో మొదలై 2015 సెప్టెంబర్‌లో అమెరికా ప్రభుత్వం నోటీసు ఇచ్చేదాకా వచ్చింది. కొన్ని పరిస్థితుల్లో నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల దాకా వచ్చాయి. డాయిష్ బ్యాంకుకి చెందిన డీడబ్ల్యూఎస్ ఫండ్ సంస్థ అయితే పర్యావరణం చూసి పెట్టుబడి పెడుతున్నామని ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పుకుంది, లోపల పనిచేసిన డెజిరే ఫిక్స్‌లర్ బయటికొచ్చి చెప్పడంతో దొరికింది, 2023లో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి ఈ వ్యవహారంలో కోటీ 90 లక్షల డాలర్లు కట్టింది.

అబద్ధం ఒక్కటే కాదు, చెప్పకుండా వదిలేసింది కూడా కష్టమే. 2021 అక్టోబర్‌లో గ్లాస్గో వాతావరణ సదస్సుకి ముందు హెచ్ఎస్‌బీసీ బ్యాంకు బ్రిటన్‌లో పోస్టర్లు వేసింది, పర్యావరణ మార్పు కోసం లక్ష కోట్ల డాలర్ల దాకా నిధులు అనీ, 20 లక్షల చెట్లు నాటడానికి సాయం చేస్తున్నాం అనీ. అంకె ఉంది, పని ఉంది, మోడల్ అయితే మార్కులు వేసేసేది. ఏడాది తర్వాత పైన చెప్పిన బ్రిటన్ ప్రకటనల అథారిటీయే ఆ పోస్టర్లు తప్పుదారి పట్టిస్తున్నాయని తేల్చింది, ఎందుకంటే ఎక్కువ పొగ వదిలే పరిశ్రమలకి అదే బ్యాంకు ఇస్తున్న డబ్బు సంగతి అందులో లేదు. పోస్టర్‌లో లేనిదాన్ని పోస్టర్ చదివి తెలుసుకోలేం, బ్యాంకు మిగతా కాగితాలు కూడా పక్కన పెట్టి చదివించాలి. అందుకే మీలాంటి వాళ్లకి నేను చెప్పేది, మోడల్ ఇచ్చే స్కోరు చూసి షేరు కొనకండి, అమ్మకండి, అది ఏ పేజీ చూడమందో ఆ పేజీ తెరవండి, మీ చదువుకి ఆ పట్టికలు మీకు నాకన్నా బాగా అర్థమవుతాయి.

ప్రశ్న: నేను ఒక కంపెనీలో ఈ సస్టైనబిలిటీ రిపోర్టులే రాస్తాను. ఇప్పుడు రాయడానికి కూడా ఏఐ వాడుతున్నాం. మీ మోడల్‌కి నచ్చేలా రాయడం పెద్ద పని కాదు. అప్పుడు మీరేం చేస్తారు?
— పేరు వద్దన్న ఒక ఉద్యోగిని

నిజం చెప్పినందుకు థ్యాంక్స్ అండి. మోడల్‌కి అంకెలంటే ఇష్టం అని తెలిస్తే రాసేవాళ్లు అంకెలు పెడతారు, పెట్టనివ్వండి, నాకు అదే కావాలి. అంకె, ఏడాది పెట్టిన వాక్యానికి వచ్చే సంవత్సరం సాక్ష్యం అడగొచ్చు. అందుకే నేను ఇప్పుడు ఒక్క రిపోర్టు చదివించడం మానేశాను, ఒకే కంపెనీవి నాలుగైదేళ్లవి వరసగా పెట్టి ఏ మాట మారిందో చూపించమంటున్నాను. పేరు చెప్పను, ఒక కంపెనీ మొదటి ఏడాది "2030 నాటికి కాలవలోకి ఒక్క చుక్క వ్యర్థజలం వదలం" అని రాసింది, తర్వాతి ఏడాది అది "2030 దశకంలో" అయింది, మూడో ఏడాది "దీర్ఘకాలంలో", నాలుగో ఏడాది ఆ పేరానే లేదు, దాని చోట పిల్లలు మొక్కలు నాటుతున్న ఫొటో ఉంది. ఒక్కో రిపోర్టు విడిగా చదివితే నాలుగూ చక్కగానే ఉన్నాయి. నాలుగూ పక్కపక్కన పెట్టాక నాకు ఆ సాయంత్రం చాలా బాధేసింది, ఎందుకంటే మొదటి వాక్యం రాసినవాళ్లు నిజంగానే అనుకుని రాసి ఉంటారనిపించింది.

మీ ఉత్తరం చూశాక నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక చిన్న డైయింగ్ యూనిట్ రిపోర్టుని మా మోడల్ "అన్నీ ఉత్తుత్తి మాటలే" అని అట్టడుగున పడేసింది, నేనూ అలాగే పంపేశాను. తర్వాత వాళ్ల మేనేజర్ ఫోన్ చేశారు, కోపం కూడా లేదు ఆయన గొంతులో, "మాకు ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు లేరండి, మీరొచ్చి ట్యాంకులు చూడండి" అన్నారు. వెళ్లి చూస్తే రంగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు నడుస్తోంది, రోజుకి ఎన్ని నీళ్లు లోపలికొచ్చాయి ఎన్ని మళ్లీ వాడారు అని నోటుబుక్కులో తారీఖులతో చేత్తో రాసుకున్నారు. ఆ నోటుబుక్కు రిపోర్టులో లేదు, రిపోర్టులో ఉన్నవి ఎవరి దగ్గర్నుంచో తెచ్చి అతికించిన నాలుగు పెద్ద మాటలు. అంటే మోడల్ కొలిచింది వాళ్ల పనిని కాదు, వాళ్ల ఇంగ్లిష్‌ని. డబ్బున్న కంపెనీకి మీలాంటి మంచి రైటర్ ఉంటారు, చిన్నవాడికి ఉండరు. ఇది ఈ టెక్నాలజీలో నన్ను ఎక్కువగా కలవరపెట్టే లోపం, అప్పట్నుంచి స్కోరు తక్కువ వచ్చిన ఏ చిన్న సంస్థనైనా అడగకుండా రిపోర్టు పంపడం మానేశాను.

మీరు అడిగారు కాబట్టి నా వైపునుంచి ఒక విన్నపం, మీ కంపెనీలో ఏ టార్గెట్ అయినా వదిలేయాల్సి వస్తే ఆ పేరా తీసేయకండి, "ఇది అందుకోలేకపోయాం, కారణం ఇది" అని రాయండి. అలా రాసిన పేరాని నేను చదివిన రిపోర్టుల్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, కనిపించిన ప్రతిసారీ ఆ కంపెనీ మీద నాకు గౌరవం పెరిగింది.

ప్రశ్న: ఇంత కష్టం ఎందుకు, పీడీఎఫ్ చాట్‌బాట్‌కి ఇచ్చి "గ్రీన్‌వాషింగ్ ఉందా" అంటే చెప్పేస్తుంది కదా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

చెప్పేస్తుంది, నమ్మకంగా కూడా చెబుతుంది, రిపోర్టులో లేని వాక్యాన్ని ఉన్నట్టు కూడా చెప్పగలదు. అలా అడగకండి. "2030 లోపు టార్గెట్లు అన్నీ పేజీ నంబర్‌తో, ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి ఇవ్వు" అని అడగండి, తర్వాత ఆ పేజీలు మీరే తెరిచి ఆ వాక్యం ఉందో లేదో చూసుకోండి. అంతవరకు బాగా పనికొస్తుంది.

ప్రశ్న: మా ఊరి దగ్గర ఒక ప్లాంటు వస్తోంది. ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నారు. కంపెనీ ఇచ్చిన తెలుగు సారాంశం ముప్పై పేజీలు ఉంది, చదివితే అంతా బాగానే ఉన్నట్టుంది, ఏమడగాలో తెలియట్లేదు. మీరు రాసిన ఈ కంప్యూటర్ చదువు మాకేమైనా ఉపయోగపడుతుందా?
— శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతం నుంచి ఒక యువకుడు

తమ్ముడూ, వచ్చిన ఉత్తరాలన్నిట్లో నాకు ముఖ్యమైంది నీదే. ముందు చేదు నిజం చెప్పేస్తాను, నేను పైన రాసిన మోడల్స్ అన్నీ ఇంగ్లిష్ చదివేవి. తెలుగు తెలిసిన మోడల్స్ లేకపోలేదు, గూగుల్ వాళ్ల మురిల్ ఉంది, మద్రాస్ ఐఐటీలో ఏఐ4భారత్ వాళ్ల ఇండిక్‌బెర్ట్ ఉంది, కానీ వాటిని ఈ పనికి ఎవరో ఒకరు కూర్చుని నేర్పాలి. నేను కొన్నాళ్లుగా ఖాళీ దొరికినప్పుడల్లా ఇదే చేస్తున్నాను. మొదటి ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ఇలాంటి తెలుగు సారాంశం ఒకటి తెరిచి కాపీ కొట్టి పేస్ట్ చేస్తే ఒక్క తెలుగు అక్షరం రాలేదు, ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు కలగాపులగంగా వచ్చాయి. డీటీపీ వాళ్లు పాత అను ఫాంట్లలో కొడతారు, అది కంప్యూటర్లన్నీ ఒకేలా చదివే యూనికోడ్ కాదు, కంటికి తెలుగే, కంప్యూటర్‌కి చెత్త. పేజీలని ఫొటోలుగా మార్చి, ఫొటోలో అక్షరాల్ని గుర్తుపట్టే ఓసీఆర్‌తో చదివించాల్సొచ్చింది, అప్పుడు కూడా ఒత్తులు ఎగిరిపోయాయి, చేత్తో దిద్దుకున్నాను.

అలా దిద్దుకుంటూ ఉంటే నాకు మోడల్ చెప్పకముందే ఒకటి కనపడింది. ఇంగ్లిష్‌లో మాట ఎంత గట్టిదో వేరే పదంలో ఉంటుంది, మన తెలుగులో క్రియ చివర ఉంటుంది. తగ్గించాం, తగ్గిస్తున్నాం, తగ్గిస్తాం, తగ్గించగలం, తగ్గించేందుకు ప్రయత్నిస్తాం, ఒక్కో తోకకి ఒక్కో బరువు. వీటన్నిటికన్నా బరువు లేనిది ఒకటుంది, నీ చేతిలో ఉన్న ముప్పై పేజీల్లో కూడా అదే ఎక్కువ ఉంటుంది చూడు, "బడును". దుమ్ము నియంత్రించబడును. నీరు చల్లబడును. మొక్కలు నాటబడును. తగు చర్యలు తీసుకోబడును. ఎవరు చల్లుతారు, రోజుకి ఎన్నిసార్లు, నీళ్లు ఎక్కడినుంచి తెస్తారు, చల్లకపోతే మేం ఎవరిని అడగాలి? ఆ వాక్యంలో మనిషే లేడు. నేను నా తెలుగు మోడల్‌కి నేర్పుతున్న మొదటి పాఠం ఇదే, "బడును" కనపడితే ఆగు, పక్కన ఎవరు, ఎంత, ఎప్పుడు ఉన్నాయా చూడు.

దీనికి నీకు కంప్యూటర్ కూడా అక్కర్లేదు. ఒక ఎర్ర పెన్ను తీసుకో, నీతోపాటు డిగ్రీ చదివే ఇద్దర్ని కూర్చోబెట్టుకో, "బడును" ఉన్న ప్రతి వాక్యం కింద గీత గియ్యండి, ప్రతిదానికీ పక్కన ఎవరు, ఎంత, ఎప్పటికి అని మూడు ప్రశ్నలు రాయండి. తర్వాత ఇంగ్లిష్‌లో పూర్తి డ్రాఫ్ట్ ఈఐఏ రిపోర్టు, అంటే ప్లాంటు వల్ల పర్యావరణం మీద పడే ప్రభావం అంచనా వేసిన రిపోర్టు ఉంటుంది, అది కలెక్టరేట్‌లో, కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో జనం చూసుకోడానికి పెట్టాలి, తెలుగు సారాంశంలో ఉన్న అంకె అందులో ఉన్న అంకె ఒకటేనా చూడండి, ముఖ్యంగా రోజుకి తీసుకునే నీళ్లు, బయటికొదిలే నీళ్లు, బూడిద. ఇక్కడ కావాలంటే చాట్‌బాట్ సాయం తీసుకోవచ్చు, ఇంగ్లిష్ రిపోర్టు వందల పేజీలు ఉంటుంది, పైన డాలస్ అన్నకి చెప్పినట్టే పేజీ నంబర్‌తో అడిగి ఆ పేజీ మీరే చూసుకోండి. గ్రీన్‌బెల్ట్, అంటే ప్లాంటు స్థలంలో చెట్లు పెంచే భాగం 33 శాతం అని ఉంటే ఏ సర్వే నంబర్లలో, ఏ చెట్లు, ఎన్ని అని మ్యాప్ అడగండి, ఉప్పుగాలికి ఏది బతుకుతుందో మీ ఊళ్లో పెద్దవాళ్లకి కన్సల్టెంట్ కన్నా బాగా తెలుసు.

2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం నోటీసు ఇచ్చి కనీసం 30 రోజులు టైమివ్వాలి, ఈలోపు మీ అభ్యంతరాలు రాతపూర్వకంగా మండలికి ఇవ్వొచ్చు, ఇచ్చి ఒక కాపీ మీద అందినట్టు సంతకం, తారీఖు తీసుకోండి. సభలో కలెక్టర్ గానీ ఆయన తరఫున అదనపు జిల్లా మెజిస్ట్రేట్ హోదాకి తగ్గని అధికారి గానీ కూర్చుంటారు, మొత్తం వీడియో తీయాలి. మీ మూడు ప్రశ్నలు సభలో కూడా గట్టిగా చదవండి, కంపెనీ మనిషి చెప్పే జవాబులో ఎవరు, ఎంత, ఎప్పటికి వచ్చాయా లేదా అని ఒకరు రాసుకుంటూ ఉండండి. సభ అయిపోయాక జరిగినదాని క్లుప్త రికార్డు, అంటే మినిట్స్, అక్కడే తెలుగులో చదివి వినిపించాలని రూల్ ఉంది. అప్పటికి పొద్దుపోతుంది, జనం సగం వెళ్లిపోతారు, మీరు మాత్రం వెళ్లకండి, మీరు అడిగింది అందులో మీరు అడిగినట్టే ఉందో, లేక "గ్రామస్తుల సందేహాలు నివృత్తి చేయబడినవి" అని ఉందో విని, అలా ఉంటే అక్కడికక్కడే లేచి దిద్దించండి. ఆ మినిట్స్ కాపీ, మీరు గీతలు గీసిన సారాంశం రెండూ నాకు పంపితే మోడల్‌కి మొదటి పాఠం వాటితోనే చెబుతాను.